పదో తరగతి తర్వాత ఏం చేయాలి: వైకల్యం ఉన్న పిల్లల కోసం తొమ్మిదో తరగతిలోనే మొదలుపెట్టాల్సిన ఏర్పాట్లు

మీ ఇంట్లో వైకల్యం ఉన్న అమ్మాయి గానీ అబ్బాయి గానీ తొమ్మిదో తరగతి చదువుతుంటే, పదో తరగతి మెమో చేతికి వచ్చేదాకా ఆగకుండా తర్వాతి చదువు ఏర్పాట్లు ఈ ఏడాదే మొదలుపెట్టండి. నల్లగొండ జిల్లాలో ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుడిగా చాలా ఏళ్లు పనిచేసిన అనుభవంతో ఈ మాట చెబుతున్నాను. ఏటా ఫలితాలు వచ్చిన వారంలో కొందరు తల్లిదండ్రులు మెమో పట్టుకొని వచ్చి, "సార్, ఇప్పుడు పిల్లను ఏడ వెయ్యాలె?" అని అడుగుతారు. కాగితాలు చూస్తే వైకల్య సర్టిఫికెట్ గడువు ఎప్పుడో ముగిసి ఉంటుంది, ఆధార్‌లో పేరు ఒక తీరుగా మెమోలో ఇంకో తీరుగా ఉంటుంది, ఊరికి దగ్గర్లోని కాలేజీలో తరగతి గది మొదటి అంతస్తులో ఉంటుంది. మార్కులు ఉండి కూడా ఆ పిల్ల ఏడాదిపాటు ఇంట్లో కూర్చుంటుంది. అలా ఒకసారి ఇంట్లో కూర్చున్న పిల్లలు మళ్లీ చదువులోకి రావడం ఎంత కష్టమో నేను చూశాను.

ఏ కోర్సులో చేర్చాలి అన్నది రెండో ప్రశ్న. ఉదయం లేచినప్పటి నుంచి రాత్రి పడుకునే వరకు ఆ బిడ్డ రోజు కొత్త చోట ఎలా గడుస్తుంది అన్నది మొదటి ప్రశ్న. దీనికి జవాబు దొరికితే కోర్సు ఎంచుకోవడం సులువవుతుంది. ఇది వదిలేసి కోర్సు ఎంచుకుంటే మూడు నెలల్లో చదువు మానేసే పరిస్థితి వస్తుంది.

ముందు బిడ్డతో మాట్లాడండి

ఒక నోటుపుస్తకం తీసుకొని, రెండు మూడు వారాలపాటు బిడ్డ రోజును ఉన్నది ఉన్నట్టు రాయండి. స్నానం, బట్టలు, భోజనం, మరుగుదొడ్డి, బడికి వెళ్లడం, రాసుకోవడం, ఫోన్ వాడటం, డబ్బు లెక్కపెట్టడం, దుకాణానికి వెళ్లి రావడం వంటి పనుల్లో ఏది తనంతట తాను చేస్తుంది, దేనికి ఎవరి సాయం కావాలి, ఎంత సమయం పడుతుంది అన్నది రాయాలి. చూపు తక్కువగా ఉన్న బిడ్డ అయితే ఎంతసేపు చదివాక కళ్లు నీళ్లు కారుతున్నాయో, ఎంత పెద్ద అక్షరం హాయిగా చదవగలుగుతుందో రాయండి. వినికిడి తక్కువైతే ఎవరి మాట అర్థమవుతోంది, ఎవరిది కావడం లేదు, ముఖం చూస్తూ మాట్లాడితే తేడా ఉందా అన్నది రాయండి. ఫ్లోరోసిస్ ప్రభావం ఎక్కువగా ఉన్న మర్రిగూడ, మునుగోడు ప్రాంతాల్లో కీళ్లు బిగుసుకున్న పిల్లలు బయటికి మామూలుగానే కనిపించవచ్చు గానీ, గంటకు మించి ఒకే బెంచీ మీద కూర్చోలేరు. సర్టిఫికెట్ మీది శాతంలో కనిపించని ఇలాంటి సంగతులన్నీ ఈ నోటుపుస్తకంలో ఉండాలి. రేపు కాలేజీ ప్రిన్సిపాల్‌తోనైనా డాక్టర్‌తోనైనా మాట్లాడేటప్పుడు ఇదే మీకు ఆధారం.

ఆ తర్వాత బిడ్డను అడగండి. అడగడం అంటే జవాబు వచ్చేదాకా ఆగడం. ఒకసారి సెరెబ్రల్ పాల్సీ, అంటే మెదడు దెబ్బతిని కండరాల మీద పట్టు తగ్గే వైకల్యం, ఉన్న ఒక విద్యార్థి ఇంటికి వెళ్లి, ఏం చదవాలనుకుంటున్నావని అడిగాను. తండ్రి జవాబు చెప్పాడు. మళ్లీ అబ్బాయి వైపు తిరిగి అదే ప్రశ్న అడిగాను. వాడి పెదవులు కదులుతున్నాయి, మాట రావడం లేదు. తల్లి అందుకోబోతే తండ్రి ఆమె చేయి పట్టుకొని ఆపాడు. దాదాపు నిమిషం తర్వాత వాడు "కంప్యూటర్ సార్" అన్నాడు. ఇంకొంచెం ఆగి "మెట్లు లేని కాలేజీ" అన్నాడు. పదేళ్లు వాడికి అన్నం తినిపించిన ఆ తల్లికి కూడా ఆ రెండో మాట కొత్తదే. మండలంలో వైకల్యం ఉన్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రం ఉంటే, అక్కడ పనిచేసే ప్రత్యేక విద్య ఉపాధ్యాయులను, అంటే ఐఈఆర్‌పీలను, ఈ సంభాషణకు తప్పక పిలవండి. బిడ్డను చిన్నప్పటి నుంచి చూసిన వాళ్లు కాబట్టి మీకు తట్టని సంగతులు వాళ్లు చెబుతారు.

కాగితాలు: అన్నింటికన్నా ఎక్కువ ఓపిక ఇక్కడే కావాలి

వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. అది 21 రకాల వైకల్యాలను గుర్తించింది. ఆటిజం, నేర్చుకోవడంలో ప్రత్యేక ఇబ్బంది, తలసేమియా, సికిల్ సెల్ వంటి రక్త సంబంధ జబ్బులు కూడా అందులో ఉన్నాయి కాబట్టి, కాళ్లూ చేతులూ బాగానే ఉన్నాయి కదా, మావాడికి ఇది వర్తించదు అని మీకు మీరే తీర్పు చెప్పుకోకండి. చదువులో, ఉద్యోగాల్లో రిజర్వేషన్ కావాలంటే వైకల్యం 40 శాతానికి తగ్గకూడదు.

మన తెలంగాణలో చాలా ఏళ్లుగా సదరం శిబిరాల్లో పరీక్షించి సర్టిఫికెట్ ఇస్తూ వచ్చారు. ఇప్పుడు దేశమంతటా చెల్లే వైకల్య గుర్తింపు కార్డు, అంటే యూడీఐడీ కార్డు, దాని స్థానంలోకి వచ్చింది. స్వావలంబన్ కార్డు పోర్టల్‌లో సొంతంగా గానీ మీసేవ కేంద్రం సాయంతో గానీ దరఖాస్తు చేసి, ఆసుపత్రిని ఎంచుకొని, ఇచ్చిన తేదీన బిడ్డతో వెళ్లాలి. కార్డు మీద 40 శాతం లోపు వైకల్యానికి తెలుపు, 40 నుంచి 79 వరకు పసుపు, 80 ఆపైన నీలం రంగు గుర్తు ఉంటుంది. పాత సదరం సర్టిఫికెట్ పారేయకండి; మునుపటి వివరాలకు అది రుజువు.

పరీక్షకు దవాఖానకు వెళ్లేటప్పుడు పాత చికిత్స కాగితాలు, ఎక్స్‌రేలు, వినికిడి పరీక్ష నివేదికలు, భవిత కేంద్రం రికార్డులు అన్నీ ఒకే కవరులో పెట్టుకోండి. అక్కడ డాక్టరుకు మీ బిడ్డను చూడటానికి దొరికేది కొద్ది నిమిషాలే. అందుకే ముందు చెప్పిన నోటుపుస్తకంలోంచి ముఖ్యమైన నాలుగైదు సంగతులు ఒక కాగితం మీద రాసి చేతికివ్వండి.

సర్టిఫికెట్ తాత్కాలికమా శాశ్వతమా అన్నది వెంటనే చూసుకోండి. మేధో వైకల్యం, నేర్చుకోవడంలో ప్రత్యేక ఇబ్బంది ఉన్న పిల్లలను నిర్ణీత వయసుల్లో మళ్లీ పరీక్షించాలి. 18 ఏళ్లప్పుడు పరీక్షించి ఇచ్చే సర్టిఫికెట్టే జీవితాంతం చెల్లుతుంది. సరిగ్గా ఇంటర్ పూర్తయి డిగ్రీలోనో ఇంజినీరింగ్‌లోనో చేరే వయసు అది. అప్పుడు గడువు ముగిసిన కాగితంతో కౌన్సెలింగ్‌కు వెళ్తే రిజర్వేషన్ సీటు పోతుంది. కాబట్టి గడువు తేదీకి ఆరు నెలల ముందే దరఖాస్తు చేయండి.

పాలమూరు వైపు కుటుంబాలకు ఒక మాట ప్రత్యేకంగా చెప్పాలి. తల్లిదండ్రులు పనుల కోసం ముంబైకో పుణెకో వలస వెళ్లి, బిడ్డ అవ్వాతాతల దగ్గర ఉండిపోయిన ఇళ్లలో ఈ తేదీలు తరచుగా దాటిపోతాయి. పైగా దరఖాస్తుకు కావాల్సిన ఓటీపీ తండ్రి ఫోన్‌కు వెళ్తుంది, తండ్రి ఆ సమయానికి పనిలో ఉంటాడు. బిడ్డ ఆధార్‌కు ఇంట్లో ఉండేవారి ఫోన్ నంబరును జతచేయించండి. అలాగే 2016లో జిల్లాలు విడిపోయాక పాత మహబూబ్‌నగర్ చిరునామాతో ఉన్న సర్టిఫికెట్లు నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల జిల్లాల పిల్లల దగ్గర, తర్వాత ఏర్పడిన నారాయణపేట పిల్లల దగ్గర ఇంకా కనిపిస్తుంటాయి. సూర్యాపేట, యాదాద్రి భువనగిరి పిల్లల దగ్గర పాత నల్లగొండ చిరునామా ఉంటుంది. అడిగినప్పుడు సరిచేసుకుందాంలే అనుకోకుండా యూడీఐడీ దరఖాస్తులోనే ఇప్పటి చిరునామా రాయండి. ఇంటిపేరు, పేరు, పుట్టిన తేదీ మూడూ ఆధార్‌లో, బడి రికార్డులో, యూడీఐడీలో అక్షరం తేడా లేకుండా ఒకేలా ఉండాలి. పదో తరగతి పరీక్ష రాసేవారి జాబితాలు (నామినల్ రోల్స్) పంపే ముందు బడిలో పేరు సరిచేయించడం తేలిక. మెమో వచ్చాక అదే పని కోసం నెలలు తిరగాలి.

పరీక్ష రాయడం కూడా నేర్పాలి

కేంద్ర ప్రభుత్వం 2018లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, రాయడంలో ఇబ్బంది ఉన్నవారికి గంటకు 20 నిమిషాల చొప్పున అదనపు సమయం ఇవ్వాలి. అంటే మూడు గంటల పరీక్షకు గంట. చేతితో రాయలేనివారికి, చూపు లేనివారికి స్క్రైబ్, అంటే వాళ్లు చెప్పిన జవాబును రాసిపెట్టే మనిషి, సదుపాయం ఉంది. వైకల్యం 40 శాతం లేకపోతే స్క్రైబ్‌ను ఇవ్వం అని ఎవరైనా అంటే, 2021 ఫిబ్రవరిలో వికాశ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును ప్రస్తావించండి. రాసేటప్పుడు చేతి వేళ్లు బిగుసుకుపోయే అభ్యర్థికి, 40 శాతం నిబంధనతో సంబంధం లేకుండా, స్క్రైబ్‌ను పొందే హక్కు ఉందని ఆ తీర్పు చెప్పింది.

ఈ సదుపాయాల కోసం పరీక్ష ఫీజు కట్టే సమయంలోనే ప్రధానోపాధ్యాయుడి ద్వారా దరఖాస్తు పెట్టించి, అనుమతి కాగితం నకలు మీ దగ్గర ఉంచుకోండి. పరీక్ష రోజున కేంద్రంలో అది మీ చేతిలో ఉండాలి.

అనుమతి వచ్చినంత మాత్రాన సరిపోదు. నోటితో జవాబు చెప్పి రాయించడం ఒక నేర్పు, అది సాధన లేకుండా రాదు. మా బడిలో చూపు లేని ఒక అబ్బాయి చరిత్ర పాఠం ఎవరు అడిగినా గడగడా చెప్పేవాడు. మొదటి నమూనా పరీక్షలో స్క్రైబ్‌గా కూర్చున్న తొమ్మిదో తరగతి పిల్లవాడు రాసేలోపు వాడు నాలుగు వాక్యాలు ముందుకు వెళ్లిపోయి, "ఎక్కడ దాకా రాసినవ్?" అని అడిగి, మళ్లీ మొదటికి వచ్చి, మూడు ప్రశ్నలకే సమయం అయిపోగొట్టుకున్నాడు. తర్వాత రోజూ సాయంత్రం అరగంట, ఒక వాక్యం చెప్పి కలం ఆగిన చప్పుడు విన్నాకే రెండో వాక్యం చెప్పడం సాధన చేయించాం. సంక్రాంతి సెలవుల నాటికి వాడి వేగం, స్క్రైబ్ వేగం ఒక్కటయ్యాయి. లెక్కల పేపరుకు మరింత సాధన కావాలి. భిన్నాన్ని, వర్గమూలాన్ని నోటితో ఎలా చెప్పాలో ఇద్దరూ ముందే అనుకోవాలి. స్క్రైబ్ మీ బిడ్డ కంటే కింది తరగతి విద్యార్థి అయి ఉండాలి కాబట్టి, ఇద్దరిని సిద్ధం చేసుకోండి. ఒకరికి జ్వరం వస్తే ఇంకొకరు ఉంటారు.

ఏ దారి ఎంచుకోవాలి

పదో తరగతి తర్వాత ఇంటర్, పాలిటెక్నిక్, ఐటీఐ, ఓపెన్ స్కూల్ అనే నాలుగు దారులు ఉన్నాయి. ప్రభుత్వ, ప్రభుత్వ సాయం పొందే ఉన్నత విద్యాసంస్థల్లో 5 శాతానికి తగ్గకుండా సీట్లు వైకల్యం ఉన్నవారికి ఇవ్వాలని, గరిష్ఠ వయసులో 5 ఏళ్ల సడలింపు ఉండాలని 2016 చట్టంలోని 32వ సెక్షన్ చెబుతోంది.

ఇంటర్‌లో గ్రూపు ఎంచుకునేటప్పుడు బంధువులు, ఒక్కోసారి మాలాంటి ఉపాధ్యాయులు కూడా, "వీడికి ఆర్ట్స్ అయితే తేలిక" అని ముందే తేల్చేస్తారు. ఆర్ట్స్ మంచి దారే, కానీ అది బిడ్డ కోరుకున్నదై ఉండాలి. సైన్సు మీద ఇష్టం ఉన్న బిడ్డను ప్రయోగశాలకు భయపడి ఆపకండి. ప్రయోగాల్లో ఏ మేరకు సాయం, ఏ మేరకు సడలింపు దొరుకుతాయో కాలేజీలో చేరే ముందే లిఖితపూర్వకంగా అడగండి. వైకల్యం ఇంత శాతం ఉంది కాబట్టి వైద్య విద్యకు అనర్హులని ముందే చెప్పే పద్ధతిని 2024 అక్టోబరులో ఓంకార్ గోండ్ కేసులో సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. ఆ విద్యార్థి కోర్సు చదవగలడా లేదా అన్నది వైకల్యాన్ని అంచనా వేసే బోర్డు పరీక్షించి కారణాలతో చెప్పాలని, శాతం ఒక్కటే ప్రమాణం కాదని తీర్పు ఇచ్చింది. బైపీసీ చదవాలనుకునే పిల్లలకు ఈ సంగతి తప్పక చెప్పండి.

పాలిటెక్నిక్‌లో చేరడానికి పాలిసెట్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. నల్లగొండలోనూ మహబూబ్‌నగర్‌లోనూ ప్రభుత్వ పాలిటెక్నిక్‌లు ఉన్నాయి. కంప్యూటర్, ఎలక్ట్రానిక్స్ బ్రాంచీల్లో ఎక్కువ పని కూర్చుని చేసేదే. ఐటీఐలో ట్రేడు ఎంచుకునే ముందు ఆ యంత్రం దగ్గర బిడ్డను ఒక పూట నిలబెట్టి చూడనివ్వమని ప్రిన్సిపాల్‌ను అడగండి. రోజూ కాలేజీకి వెళ్లలేని ఆరోగ్య స్థితి ఉన్నవారికి తెలంగాణ ఓపెన్ స్కూల్, జాతీయ ఓపెన్ స్కూల్ ఉన్నాయి. జాతీయ ఓపెన్ స్కూల్‌లో భారతీయ సంజ్ఞా భాషను ఒక సబ్జెక్టుగానే తీసుకోవచ్చు. అయితే ఓపెన్ స్కూల్ పేరుతో బిడ్డ నాలుగు గోడల మధ్యనే ఉండిపోకుండా చూడాలి. వారంలో రెండు మూడు రోజులైనా బయటికి వెళ్లే పని ఏదో ఒకటి ఉండాలి.

డిగ్రీకి దోస్త్ అనే ఆన్‌లైన్ ప్రవేశాల పోర్టల్ ద్వారా దరఖాస్తు చేస్తారు. అందులో ప్రత్యేక కేటగిరీ అన్న చోట గుర్తు పెట్టడం మర్చిపోయి సీటు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. ఇంటర్నెట్ సెంటర్‌లో ఎవరో నింపినా, సమర్పించే ముందు మీరు ఒకసారి మొత్తం చదవండి. మహాత్మాగాంధీ, పాలమూరు విశ్వవిద్యాలయాల పరిధిలోని కాలేజీలే కాక, దూరవిద్య కావాలంటే అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఉంది.

కాలేజీకి టేపుతో వెళ్లండి

ఇది నేను మనస్ఫూర్తిగా చెప్పే మాట: చేరకముందే బిడ్డను తీసుకొని కాలేజీకి వెళ్లి చూడండి, చేతిలో కొలిచే టేపు ఉంచుకోండి. వీల్‌చైర్ వాడే ఒక అమ్మాయితో పాటు ఒక కాలేజీకి వెళ్లాను. ర్యాంపు ఉందని ఫోన్‌లో చెప్పారు, నిజంగానే ఉంది. కొలిస్తే గడప ఎత్తు రెండు అడుగులు, ర్యాంపు పొడవు తొమ్మిది అడుగులు. ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు ఉండాలన్నది ప్రమాణం. అంటే అక్కడ 24 అడుగులు ఉండాలి. ఆ అమ్మాయి సగం దూరం ఎక్కేసరికి కుర్చీ ముందు చక్రాలు పైకి లేచాయి, వెనక నేను పట్టుకున్నాను. మరుగుదొడ్డి తలుపు 22 అంగుళాలు, ఆమె కుర్చీ వెడల్పు 25. ఆ పిల్ల టేపు వైపు చూసి, "సార్, పొద్దున నీళ్లు తాగకుండా వస్త" అంది. మన కాలేజీల్లో ఎంతమంది ఆడపిల్లలు రోజంతా దాహంతో కూర్చుంటున్నారో ఆ మాటతో నాకు తెలిసింది. ఆ కొలతలు రాసి ప్రిన్సిపాల్‌కు దరఖాస్తు ఇచ్చాం. తరగతిని కింది అంతస్తుకు మార్చారు. తలుపు వెడల్పు చేయడానికి మాత్రం మళ్లీ మళ్లీ అడగాల్సి వచ్చింది.

కాబట్టి గేటు నుంచి తరగతి గదికి, అక్కడి నుంచి ప్రయోగశాలకు, గ్రంథాలయానికి, మరుగుదొడ్డికి బిడ్డ తానే నడిచి గానీ కుర్చీ తోసుకొని గానీ వెళ్లి చూడాలి. చూపు లేని బిడ్డ ఆ దారిని తెల్ల కర్రతో రెండు మూడు సార్లు నడిచి గుర్తుపెట్టుకోవాలి. వినికిడి తక్కువ ఉన్న బిడ్డ ఒక తరగతిలో కూర్చొని, ఉపాధ్యాయుడి ముఖం ఎక్కడి నుంచి బాగా కనిపిస్తుందో చూసుకోవాలి.

తర్వాత దారి. దేవరకొండ దగ్గరి తండా నుంచి నల్లగొండకు, లేదా కొల్లాపూర్ వైపు ఊరి నుంచి మహబూబ్‌నగర్‌కు రోజూ బస్సులో వెళ్లి రావడం కాగితం మీద సాధ్యంగానే కనిపిస్తుంది. కాలేజీ వేళకు ఒక రోజు బిడ్డతో పాటు ఆ బస్సు ఎక్కి చూడండి. ఆర్టీసీలో వైకల్యం ఉన్నవారికి రాయితీ పాసులు ఉన్నాయి. అమ్మాయిలు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహాలక్ష్మి పథకం కింద ఉచితంగానే వెళ్లవచ్చు. కానీ పొద్దున ఎనిమిది గంటల బస్సులో చంకకర్రలతో నిలబడటానికి చోటు దొరుకుతుందా, మెట్టు ఎక్కేదాకా డ్రైవర్ ఆగుతాడా అన్నది ఎక్కితేనే తెలుస్తుంది. కుదరకపోతే హాస్టల్ చూడండి. హాస్టల్‌లో కూడా స్నానాల గదే మొదట చూడాలి.

డబ్బు సంగతి

కేంద్ర ప్రభుత్వం వైకల్యం ఉన్న విద్యార్థులకు ఇచ్చే ఉపకార వేతనాలకు జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో దరఖాస్తు చేయాలి. పోస్ట్ మెట్రిక్ ఉపకార వేతనానికి కుటుంబ వార్షిక ఆదాయం 2.5 లక్షల రూపాయలు మించకూడదు. పాలిటెక్నిక్‌లో గానీ ఇంజినీరింగ్‌లో గానీ చేరేవారికి సాంకేతిక విద్యా మండలి ఏఐసీటీఈ ఇచ్చే సాక్షం ఉపకార వేతనం ఏడాదికి 50,000 రూపాయలు. దానికి ఆదాయ పరిమితి 8 లక్షలు. రాష్ట్ర ఉపకార వేతనాలకు ఈపాస్ వెబ్‌సైట్ ఉంది. ఆదాయ ధ్రువీకరణ పత్రం, బ్యాంకు ఖాతాకు ఆధార్ అనుసంధానం, బోనఫైడ్ సర్టిఫికెట్ జూన్ నాటికే సిద్ధంగా ఉంచుకోండి.

వైకల్యం ఉన్నవారికి రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే ఆసరా పింఛను ప్రస్తుతం నెలకు 4,016 రూపాయలు. చాలా ఇళ్లలో అది బియ్యం, మందుల ఖర్చులో కలిసిపోతుంది. అందులో తప్పు పట్టేది ఏమీ లేదు. వీలైతే కొంత భాగాన్ని బిడ్డ పేరున్న ఖాతాలో ఉంచి, దాని లెక్క బిడ్డకే అప్పజెప్పండి. పరికరాల కోసం జిల్లా సంక్షేమ అధికారి కార్యాలయంలో అడగండి. కేంద్రం అడిప్ అనే పరికరాల పథకం కింద, వాటిని తయారుచేసే ప్రభుత్వ సంస్థ అలింకో ద్వారా ట్రైసైకిళ్లు, వినికిడి యంత్రాల వంటివి ఇస్తుంది. రాష్ట్ర వికలాంగుల సహకార సంస్థ కూడా విద్యార్థులకు ల్యాప్‌టాప్‌ల వంటివి ఇస్తుంటుంది. చూపు లేని పిల్లలకు కంప్యూటర్‌లో ఉన్నది చదివి వినిపించే ఎన్‌వీడీఏ పూర్తిగా ఉచితం, తెలుగు కూడా చదువుతుంది. ఆండ్రాయిడ్ ఫోన్లలో టాక్‌బ్యాక్ ఉండనే ఉంటుంది. ఇంటర్‌లో చేరకముందు వచ్చే వేసవి సెలవుల్లోనే వీటిని నేర్పించండి. చూపు కొంత ఉన్న పిల్లలను ఒకసారి హైదరాబాద్‌లోని ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలో ఉన్న లో విజన్ విభాగానికి తీసుకెళ్లండి. సరైన భూతద్దం ఒక్కటి చదువు తీరునే మార్చిన పిల్లలు నాకు తెలుసు.

మేధో వైకల్యం ఉన్న పిల్లలు, పద్దెనిమిదో ఏడు

ఈ పిల్లల తల్లిదండ్రులు తరచుగా "మాకు కాలేజీ లేదు కదా, ప్రణాళిక ఏముంటుంది?" అంటారు. నిజానికి అందరికన్నా ముందుగా ఆలోచించాల్సింది మీరే. బడి వయసు దాటగానే ఈ పిల్లల రోజు ఒక్కసారిగా ఖాళీ అవుతుంది. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని ఎన్ఐఈపీఐడీ మేధో వైకల్యం ఉన్నవారి కోసం ఉన్న జాతీయ సంస్థ. అక్కడ బిడ్డ సామర్థ్యాన్ని పరీక్షించి, ఏ పనిలో శిక్షణ ఇవ్వవచ్చో చెబుతారు. బడిలో ఉండగానే ఒకసారి వెళ్లి రండి. ఇంట్లో మాత్రం ఇప్పుడే ఒక పనిని బాధ్యతగా అప్పజెప్పండి: రోజూ పాల ప్యాకెట్ తెచ్చి చిల్లర తిరిగి తేవడం, దుకాణంలో సరుకు పొట్లాలు సర్దడం, మేకల లెక్క చూడటం. ఒకే పని, ఒకే వేళకు, ఏడాదిపాటు చేయించాలి.

పద్దెనిమిదేళ్లు నిండాక చట్టం దృష్టిలో బిడ్డ పెద్దవాడు. బ్యాంకు, ఆస్తి వ్యవహారాల్లో తల్లిదండ్రుల సంతకం దానంతట అదే చెల్లదు. ఆటిజం, సెరెబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యం ఉన్నవారికి 1999 నాటి జాతీయ ట్రస్టు చట్టం కింద, కలెక్టర్ ఉండే స్థానిక స్థాయి కమిటీ సంరక్షకుడిని నియమిస్తుంది. అందరికీ అది అవసరం లేదు; నిర్ణయం తానే తీసుకోగలిగిన బిడ్డకు సంరక్షకుడిని పెట్టడం ఆ బిడ్డ హక్కును తగ్గించడమే. ఇదే ట్రస్టు నిరామయ ఆరోగ్య బీమా కింద ఏడాదికి లక్ష రూపాయల వరకు వైద్య ఖర్చు ఇస్తుంది. అందులో చేర్పించడం మాత్రం వాయిదా వేయకండి.

సంపాదన వైపు

ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్ ఉంది: చూపు, వినికిడి, కదలిక సంబంధిత వైకల్యాలకు ఒక్కో శాతం, ఆటిజం, మేధో వైకల్యం, మానసిక అనారోగ్యం, బహుళ వైకల్యం వంటివాటికి కలిపి ఒక శాతం. వయోపరిమితిలోనూ సడలింపు ఉంటుంది. అయితే నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తూ ఇరవైల వయసంతా కోచింగ్‌లోనే గడిపినవారిని చూశాను కాబట్టి, పక్కన ఒక చేతిపని ఉండాలంటాను. పోచంపల్లి దగ్గర జలాల్‌పూర్‌లోని స్వామి రామానంద తీర్థ గ్రామీణ సంస్థ గ్రామీణ యువతకు వసతితో పాటు శిక్షణ ఇస్తుంది. బ్యాంకులు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ కేంద్రాలు ఉచితంగా నేర్పుతాయి. హైదరాబాద్ విద్యానగర్‌లో వైకల్యం ఉన్నవారి కోసం ప్రత్యేకంగా జాతీయ కెరీర్ సేవా కేంద్రం ఉంది. అక్కడ పేరు నమోదు చేయించి, ఏ పనికి బిడ్డ సరిపోతుందో పరీక్ష చేయించుకోవచ్చు. దరఖాస్తు చేసే ముందు మీ బిడ్డకు కావాల్సిన సదుపాయాలు ఆయా చోట్ల ఉన్నాయా అని ఫోన్ చేసి కనుక్కోండి.

కాదన్నప్పుడు

సీటు ఇవ్వం అన్నా, స్క్రైబ్ లేడన్నా, తరగతి మార్చం అన్నా నోటిమాటతో వెనక్కి రాకండి. ఏం కోరుతున్నారో, ఎందుకు కోరుతున్నారో ఒక పేజీలో తెలుగులో రాసి, 2016 చట్టం ప్రకారం తగిన సదుపాయం కల్పించమని అడుగుతూ, రెండు ప్రతులు తీసుకెళ్లండి. ఒకటి ఇచ్చి, రెండో దాని మీద తేదీతో ముద్ర, సంతకం తీసుకోండి. పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే ఆ ప్రతి నకలుతో సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణికి వెళ్లండి, బిడ్డను వెంట తీసుకెళ్లి తన మాట తానే చెప్పనివ్వండి. అక్కడా తేలకపోతే రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు చేయవచ్చు. వైకల్యం ఉన్నవారికి ఆదాయంతో సంబంధం లేకుండా న్యాయ సహాయం ఉచితం. జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లినా, 15100కు ఫోన్ చేసినా వకీలును ఏర్పాటు చేస్తారు. ఆ ముద్ర పడిన ప్రతులన్నీ యూడీఐడీ కార్డు నకలుతో పాటు ఒకే ఫైలులో, బిడ్డకు అందే ఎత్తులో పెట్టండి.